ఉమ్మడి ప్రోగ్రాము - సొంత వ్యాపారం

తాను శ్రమపడి తయారుచేసిన వస్తువును ధర పుచ్చుకోకుండా అందరికీ, తనతో పోటీపడే వర్తకులకు సైతం, పంచిపెట్టేవాడు బాగుపడతాడంటే సామాన్యంగా ఎవరూ నమ్మరు. కుమ్మరి తన కుండలను ఊరికే ఇచ్చివేస్తే వారం తిరిగేసరికి అతని ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా గడచిన ముప్ఫై సంవత్సరాలలో ఒక వృత్తిలో ఇటువంటి వింతే జరిగింది. ఆ వృత్తి వెబ్‌సైట్ల నిర్మాణం. ఒక విశ్వవిద్యాలయానికో, పత్రికకో, ప్రభుత్వ శాఖకో వెబ్‌సైటు కావలసివచ్చినప్పుడు దానిని కట్టిపెట్టే కంపెనీలను వెబ్ ఏజెన్సీలంటారు. వీటిలో పేరుపొందిన కొన్నింటి చరిత్ర చూస్తే, అవి తాము రాసిన ప్రోగ్రాములను దాచుకొని కాక, లోకానికి ఇచ్చివేసి పెరిగినట్లు కనబడుతుంది. ఇది దానధర్మాల ఫలమా, లేక దీని వెనుక ఏదైనా లెక్క ఉన్నదా? ఆ సంగతి విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కుండకూ ప్రోగ్రాముకూ గల భేదం గుర్తించాలి. కుండను ఒకరికిస్తే మన చేతిలోనుంచి పోతుంది. ప్రోగ్రాము నకలు ఇస్తే మూలం మన దగ్గరే ఉంటుంది. ఈ సంగతి అందరికీ తెలిసినదే. అంతకంటె ముఖ్యమైన భేదం మరొకటి ఉన్నది. వెబ్ ఏజెన్సీ నిజానికి అమ్మేది ప్రోగ్రామును కాదు, పనిగంటలను. తాపీమేస్త్రీ ఇటుకలు అమ్మడు. ఇల్లు కట్టిపెట్టి కూలి పుచ్చుకుంటాడు. ఇటుకలు చౌకగా దొరికితే ఇళ్ళు కట్టించేవారి సంఖ్య పెరుగుతుంది, మేస్త్రీకి పని పెరుగుతుంది. ఇటుక ధర తగ్గిందని విచారించవలసినవాడు బట్టీ యజమాని కాని మేస్త్రీ కాదు.

ఈ లెక్క మొదట్లో ఎవరికీ స్పష్టంగా తోచలేదు. 1990 దశకంలో ఒక్కొక్క ఏజెన్సీ తన సొంత ప్రోగ్రాము తాను రాసుకొని, దానిని వ్యాపార రహస్యంగా కాపాడుకొనేది. కాని వెబ్ పుట్టిన తొలి రోజులలోనే దీనికి విరుద్ధమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. మనం ఏదైనా వెబ్‌సైటు తెరవాలని కోరినప్పుడు ఆ కోరికను అందుకొని, తగిన పుటను పంపే ప్రోగ్రామును వెబ్ సర్వరు అంటారు. అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి అనుబంధమైన సూపర్ కంప్యూటర్ కేంద్రంలో రాబ్ మెకూల్ అనే అతడు అటువంటి సర్వరు ఒకటి రాశాడు. 1994లో అతడు ఆ కేంద్రం విడిచి వెళ్ళగా, దాని బాగోగులు చూసేవారు లేకపోయారు. దానిని వాడుతున్నవారు ఎవరి మటుకు వారే లోపాలు సవరించుకోసాగారు. చొక్కాకు వేసే మాసిక వంటి ఈ సవరణను ఇంగ్లీషులో పాచ్ అంటారు.

1995 ఫిబ్రవరిలో ఎనిమిదిమంది కలిసి తమ తమ మాసికలను ఒకచోట చేర్చారు. వారిలో ముఖ్యుడు బ్రయన్ బెలెన్‌డార్ఫ్. అతడు సాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆర్గానిక్ అనే వెబ్ ఏజెన్సీ స్థాపకులలో ఒకడు. అదే ఏప్రిల్‌లో అపాచీ పేరుతో ఆ సర్వరు వెలువడింది. ఏడాది తిరిగేసరికి లోకంలో అన్నిటికంటె ఎక్కువగా వాడబడే సర్వరు అయింది. ఆర్గానిక్ వంటి ఏజెన్సీకి దీనివల్ల నష్టమేమిటి? ఏమీ లేదు. దాని ఖాతాదారులు డబ్బిచ్చేది సర్వరుకు కాదు, దానిమీద నిలబడే వెబ్‌సైటుకు.

తరువాతి ఉదాహరణ ఇంకా చిత్రమైనది. వర్జీనియా రాష్ట్రంలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో డిజిటల్ క్రియేషన్స్ అనే కంపెనీ ఉండేది. పత్రికలకు వెబ్‌సైట్లు కట్టడం వారి పని. ఆ పనికోసం వారు ప్రిన్సిపియా అనే ప్రోగ్రాము రాసి అమ్ముతుండేవారు. 1998లో వారికి పెట్టుబడి పెట్టడానికి వచ్చిన షావుకారు ఆ ప్రోగ్రామును అమ్మడం మాని ఉచితంగా ఇచ్చివేయమని సలహా చెప్పాడు. డబ్బు పెట్టేవాడే సరుకు పంచిపెట్టమనడం విడ్డూరంగా తోస్తుంది. కాని అతని వాదన ఇది: ఈ చిన్న కంపెనీ ఎంత ప్రయత్నించినా నూరుమందికో రెండు నూర్లమందికో ప్రోగ్రాము అమ్మగలదు, ఉచితంగా ఇస్తే వేలమంది వాడతారు, కష్టమైన పని తటస్థించినప్పుడు ఆ వేలమందీ దానిని రాసినవారినే వెతుక్కుంటూ వస్తారు. కంపెనీ విలువ ప్రోగ్రాములో లేదు, దానిని రాయగల మనుషులలో ఉన్నది. ఆ ప్రకారమే జోప్ అనే కొత్త పేరుతో ప్రోగ్రాము బయటపడింది. 2000 అక్టోబరులో పైథాన్ భాషను సృష్టించిన గీడో వాన్ రోసమ్ తన సహచరులతో ఈ కంపెనీలో చేరాడు. చిన్న ఊరి కంపెనీకి అటువంటి మనిషి రావడం డబ్బుతో జరిగే పని కాదు. జోప్ ప్రాభవం తరువాత తగ్గిపోయింది, అది వేరే కథ.

ఇక అసలు కథకు వస్తాము. 2000 సంవత్సరంలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ విశ్వవిద్యాలయంలో డ్రీస్ బౌటార్ట్, హాన్స్ స్నైడర్ అనే విద్యార్థులు కొందరు స్నేహితులతో కలిసి ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను పంచుకొన్నారు. 'ఇవాళ నెట్ పనిచేస్తున్నదా? రాత్రి భోజనానికి ఎక్కడ కలుద్దాం?' వంటి సంగతులు రాసుకోవడానికి బౌటార్ట్ ఒక చిన్న నోటీసు బోర్డు ప్రోగ్రాము తయారుచేశాడు. చదువు ముగిశాక దానిని బయటి లోకానికి తెరవాలనుకొని, డచ్ భాషలో పల్లె అనే అర్థం గల 'డోర్ప్' అన్న పేరు నమోదుచేయబోయి, అక్షరాలు తారుమారై 'డ్రాప్' అని నమోదుచేశాడు. డ్రాప్ అంటే ఇంగ్లీషులో చుక్క. చుక్కకు డచ్ మాట 'డ్రుప్పెల్'. ఆ విధంగా పల్లె కావలసినది నీటిచుక్క అయి, 2001 జనవరి 15న డ్రూపల్ అనే పేరుతో లోకంలోకి వచ్చింది.

డ్రూపల్ చేసే పని తెలుసుకోవాలి. ఒక పాఠశాలకు వెబ్‌సైటు ఉన్నదనుకోండి. పరీక్షల తేదీలు మారినప్పుడల్లా ప్రోగ్రాములు తెలిసినవారిని పిలిపించి పుటలు మార్పించడం అయ్యే పని కాదు. హెడ్మాస్టరు గుమాస్తా స్వయంగా తన కంప్యూటరులో కొత్త తేదీలు టైపుచేసి ఒక మీట నొక్కితే చాలునన్నట్లు ఉండాలి. అందుకు తగిన ఏర్పాటు డ్రూపల్. దాని ముఖ్యభాగాన్ని కోర్ అంటారు. అవసరాన్నిబట్టి దానికి తగిలించే విడిభాగాలను మాడ్యూళ్ళంటారు: కాలెండరుకు ఒకటి, ఫొటోలకు ఒకటి, దరఖాస్తు ఫారాలకు ఒకటి.

ఇక్కడ లైసెన్సును గురించి నాలుగు మాటలు చెప్పక తప్పదు. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు అనే ఒడంబడికను రూపొందించాడు. డ్రూపల్ దాని కిందనే వెలువడుతున్నది. ఈ లైసెన్సు ప్రకారం ప్రోగ్రామును ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, అమ్మవచ్చు కూడా. కాని మార్చినదానిని ఇతరులకు ఇచ్చేటప్పుడు దాని సోర్స్ కోడును, అంటే మనుషులు చదివి సవరించడానికి వీలైన రూపాన్ని, అవే హక్కులతో ఇవ్వాలి. ఈ నిబంధన చూసి, 'అందుచేతనే కాబోలు ఏజెన్సీలు తమ మార్పులు బయటపెట్టాయి' అని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. వెబ్‌సైటు విషయంలో ప్రోగ్రాము సర్వరు మీదనే ఉండిపోతుంది. చదువరికి చేరేది పుట మాత్రమే. ఏజెన్సీ తన ఖాతాదారుకు సోర్స్ కోడు అప్పగిస్తే బాధ్యత తీరిపోతుంది. లోకానికి ప్రకటించవలసిన విధి ఏదీ లేదు. కాబట్టి ఇది చట్టం బలవంతం మీద జరిగిన పని కాదు.

మరి ఎందుకు ఇచ్చారు? ఒక ఏజెన్సీ ఒక కళాశాలకోసం కాలెండరు మాడ్యూలు రాసిందనుకోండి. దానిని దాచుకొన్నది. ఏడాదికో రెండేళ్ళకో డ్రూపల్ కొత్త రూపం వస్తుంది. చుక్క ఎప్పుడూ కదులుతూనే ఉంటుందని డ్రూపల్ వారికి ఒక నినాదం ఉండేది. పాత మాడ్యూళ్ళు కొత్త కోర్‌తో పనిచేస్తాయా లేదా అని వారు ఆగి చూసేవారు కారు. కోర్ మారినప్పుడల్లా ఆ ఏజెన్సీ తన కాలెండరును తానొక్కతే తిరగరాసుకోవాలి. భద్రతలో లోపం ఏర్పడితే కనిపెట్టేవారు మరొకరు లేరు. ఇటువంటి రహస్య మాడ్యూళ్ళు పది పన్నెండు చేరేసరికి కొత్త పనికి గంటలు మిగలవు. అదే మాడ్యూలును బయట పెడితే, దానిని వాడే మరి యాభై ఏజెన్సీలకు కూడా అది నడవడం అవసరమే గనుక, అందరూ తలా ఒక చేయి వేస్తారు. సొంత బావి పూడిక తానే తీసుకోవాలి. ఊరుమ్మడి బావి పూడిక తీయడానికి ఊరు వస్తుంది. వచ్చినంత కాలమూ అన్నమాట. రాకపోతే ఏమవుతుందో ముందు చూస్తాము.

ఈ విధంగా చేరిన మాడ్యూళ్ళలో కొన్ని కోర్ కంటె ప్రసిద్ధమయ్యాయి. ఎర్ల్ మైల్స్ రాసిన వ్యూస్ అనే మాడ్యూలు అటువంటిది. సైటులోని సమాచారంలోనుంచి కావలసినదానిని కావలసిన వరుసలో పట్టికలుగా తీసి చూపించే పని దానిది. ప్రోగ్రామింగు రానివారు సైతం దానితో పని నడుపుకోగలిగారు. చివరకు దానిని వదలి సైటు కట్టడం ఎవరూ ఊహించలేని స్థితి ఏర్పడి, 2015లో వెలువడిన డ్రూపల్ 8లో అది కోర్‌లోనే భాగమైంది.

సవరణలు చేరే పద్ధతి కూడా గమనించదగినది. ఎవరైనా లోపం కనిపెడితే దానిని అందరూ చూసే ఒక పట్టీలో నమోదుచేస్తారు. మరొకరు సవరణ రాసి అక్కడే ఉంచుతారు. తన సవరణ బాగున్నదని తానే ముద్ర వేసుకోకూడదు. వేరొకరు పరీక్షించి వేయాలి. ఆ తరువాతగాని నిర్వాహకులు దానిని ప్రోగ్రాములో కలపరు. మన బడులలో ఒకరి జవాబుపత్రాన్ని మరొకరిచేత దిద్దించినట్లే ఇదీను. కొత్తగా చేరిన కుర్రవాడు రాసిన పదిపంక్తులను ఖండాంతరంలో ఉన్న నిపుణుడు చదివి తప్పులు చెబుతాడు. ఏ కంపెనీ కూడా తన నౌకర్లకు ఇంతటి శిక్షణను డబ్బిచ్చి ఇప్పించలేదు. ఆంజీ బైరన్ అనే ఆమె 2005లో గూగుల్ కంపెనీవారి వేసవి విద్యార్థి పథకం ద్వారా డ్రూపల్ పనిలో అడుగుపెట్టి, కొద్ది సంవత్సరాలలో డ్రూపల్ 7 నిర్వాహకురాలైంది.

ఆ 2005వ సంవత్సరంలోనే ఈ ఉమ్మడికి ఒక గండం వచ్చింది. డ్రూపల్ సొంత వెబ్‌సైటు నడిచే సర్వరు రద్దీకి తట్టుకోలేక మూలబడింది. కొత్త యంత్రానికి 3,000 డాలర్లు కావాలని బౌటార్ట్ విన్నపం రాయగా, ఇరవైనాలుగు గంటలలో 10,000 డాలర్లు పోగయ్యాయి. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీవారు ఒక సర్వరునే బహూకరించారు. ఆరిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంవారు దానిని ఉంచడానికి చోటిచ్చారు. డ్రూపల్ మీద జీవిస్తున్నవారు అప్పటికే ఎంతమంది ఉన్నారో ఈ సంఘటనతో తెలియవచ్చింది. మరుసటి సంవత్సరం డ్రూపల్ అసోసియేషన్ అనే లాభాపేక్ష లేని సంఘం ఏర్పడింది.

అప్పుడు లేచిన ఏజెన్సీల కథలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. లల్లాబాట్ అనే దానిని 2006లో జెఫ్ రాబిన్స్, మాట్ వెస్ట్‌గేట్ స్థాపించారు. రాబిన్స్ అంతకు పూర్వం ఆర్బిట్ అనే బోస్టన్ సంగీత బృందంలో గాయకుడు. వెస్ట్‌గేట్, జాన్ వాన్‌డైక్ అనే మిత్రునితో కలిసి డ్రూపల్ ప్రోగ్రామర్లకు 2007లో ఒక పాఠ్యగ్రంథం రాశాడు. తమకు తెలిసినదంతా పుస్తకాలలో, ఉపన్యాసాలలో, శిక్షణ తరగతులలో వెళ్ళబోయడమే ఈ కంపెనీ పద్ధతి. తమ పోటీదారులకు పాఠాలు చెప్పడం తెలివితక్కువగా కనబడవచ్చు. అయితే పెద్ద సంస్థకు కష్టమైన సైటు కావలసివచ్చినప్పుడు ఆ సంస్థ ఇంజనీర్లు ఎవరి పుస్తకం చదివి ఉంటారు? పని ఆ పుస్తకం రాసినవారి దగ్గరికే వెళ్ళింది. 2021లో ఈ కంపెనీ పూర్తిగా ఉద్యోగుల సొంతమయింది.

మరొక శాఖ రాజకీయాలలో మొలిచింది. అమెరికా అధ్యక్ష పదవికి అభ్యర్థిత్వంకోసం 2003లో హోవర్డ్ డీన్ ప్రయత్నించినప్పుడు, జాక్ రోసెన్ తదితర యువకులు డ్రూపల్‌ను ఆధారం చేసుకొని ప్రచార సైట్లు కట్టే పరికరం తయారుచేశారు. డీన్ ఓడిపోయాడు. పరికరం మిగిలింది, దానిని కట్టడం నేర్చినవారు మిగిలారు. రోసెన్ మిత్రులతో కలిసి సాన్‌ఫ్రాన్సిస్కోలో చాప్టర్ త్రీ అనే ఏజెన్సీ పెట్టాడు; అందులోని అనుభవంతో 2010లో పాంథియన్ అనే హోస్టింగ్ కంపెనీ పుట్టింది. 2009 అక్టోబరులో శ్వేతసౌధం వెబ్‌సైటే డ్రూపల్‌లోకి మారింది. మరుసటి ఏప్రిల్‌లో శ్వేతసౌధంవారు తమకోసం రాయించుకొన్న మాడ్యూళ్ళలో కొన్నింటిని అందరికీ విడుదల చేశారు. 2017లో ఆ సైటు వేరొక ప్రోగ్రాముకు మారిపోయింది. విడుదలైన మాడ్యూళ్ళు మాత్రం వెనక్కు పోలేదు.

ఇచ్చినది వెనక్కు పోదనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం వాషింగ్టన్‌లోని డెవలప్‌మెంట్ సీడ్ అనే ఏజెన్సీ. వారు రాసిన ఫీచర్స్ అనే మాడ్యూలు, 2009లో విడుదల చేసిన ఓపెన్ ఏట్రియమ్ అనే కార్యాలయ పరికరం విరివిగా వాడుకలోకి వచ్చాయి. తరువాత వారి దృష్టి పటాల మీదికి మళ్ళింది; వారిలోనుంచి మాప్‌బాక్స్ అనే పటాల కంపెనీ బయలుదేరింది. వారు డ్రూపల్ విడిచిపోయినా ఆ పనులు ఆగలేదు. ఫేజ్2 అనే మరొక ఏజెన్సీ వాటిని ఎత్తుకొన్నది. సొంత రహస్యమై ఉంటే ఆ కంపెనీ దృష్టి మళ్ళిన రోజుననే అవి గల్లంతయ్యేవి, వాటిని నమ్ముకొన్న ఖాతాదారులు వీధిన పడేవారు. అందుకనే తెలిసిన ఖాతాదారు ఉమ్మడి ప్రోగ్రామునే కోరుతాడు: గుత్తేదారు మారినా ఇల్లు నిలుస్తుంది.

బౌటార్ట్ స్వయంగా 2007లో జే బాట్సన్‌తో కలిసి అక్వియా అనే కంపెనీ స్థాపించాడు. డ్రూపల్ సైట్లను తమ సర్వర్లమీద నడిపిపెట్టడం, చిక్కులు వస్తే తీర్చడం దీని వ్యాపారం. 2019లో విస్టా అనే పెట్టుబడి సంస్థ దీనిలో ప్రధాన భాగం కొన్నప్పుడు కంపెనీ విలువను సుమారు నూరుకోట్ల డాలర్లుగా కట్టారు. డ్రూపల్‌ను మాత్రం ఎవరూ కొనలేరు. అది ఎవరి సొత్తూ కాదు.

ఇంతవరకు చెప్పినది వెలుగు పక్షం. చీకటి పక్షం డ్రూపల్ 8 నిర్మాణంలో బయటపడింది. 2011లో మొదలైన ఆ పని 2015 నవంబరు 19 వరకు సాగింది. మూడువేలమందికి పైగా అందులో చేయి వేశారు. అప్పుడు ఒక మంచి నిర్ణయం జరిగింది: ప్రతి చిన్న భాగాన్నీ తామే రాసుకోక, సింఫనీ అనే చట్రం భాగాలను తీసుకొన్నారు. ఈ సింఫనీ కూడా ఒక ఏజెన్సీ బిడ్డే. ఫ్రాన్సు దేశంలో ఫాబియాన్ పొటాన్సియే నడిపిన సెన్సియో అనే ఏజెన్సీ తన సొంత సైట్లకోసం దానిని రాసుకొని 2005లో లోకానికి ఇచ్చింది. ఒకరి ఉమ్మడి మరొకరి ఉమ్మడిలో కలిసింది. కాని ఈ మార్పుతో డ్రూపల్ చిన్న సైట్లవారికి బరువైపోయింది. కొందరు పాత మార్గంలోనే సాగుదామని విడిపోయి, బ్యాక్‌డ్రాప్ అనే శాఖను 2015 జనవరి 15న వెలువరించారు. అది డ్రూపల్ పుట్టిన తేదీ కూడాను. విడిపోవడం కూడా లైసెన్సు ఇచ్చిన హక్కే గనుక ఎవరూ అడ్డుపెట్టలేదు.

ఐదేళ్ళ ఆ చాకిరీలో ఒక ప్రశ్న లేచింది. పనిచేసేవారు కొందరు, ఫలం అనుభవించేవారు అందరూ. తన మనుషులలో నలుగురిని ఉమ్మడి పనికి కేటాయించిన ఏజెన్సీకి నలుగురి జీతం ఖర్చు. ఎవరినీ కేటాయించని ఏజెన్సీ ఆ డబ్బును ప్రకటనలకు పెట్టి మొదటిదాని ఖాతాదారులను లాక్కోవచ్చు. ప్రోగ్రాము ఇద్దరికీ ఒకటే. ఇట్లా సాగితే చివరకు ఎవరూ ఇవ్వరు. దీనిని గురించి బౌటార్ట్ 2019లో ఒక దీర్ఘవ్యాసం రాసి, ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు అని కంపెనీలను రెండు తెగలుగా విడదీశాడు. ఆయన ఆధారం చేసుకొన్నవారిలో ముఖ్యురాలు ఎలినార్ ఆస్ట్రమ్. ఉమ్మడి వనరులను జనం ఎట్లా కాపాడుకొంటారో పరిశీలించి, 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన విదుషీమణి ఆమె.

ఆస్ట్రమ్ 1990లో ప్రకటించిన గ్రంథంలో రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుని పనిని కూడా వినియోగించుకొన్నది. వేడ్ పరిశోధించినది ఎక్కడో కాదు, మన కర్నూలు జిల్లా గ్రామాలను. కాలువ చివరన ఉండి, నీరు అందుతుందో అందదో తెలియని ఊళ్ళలో రైతులు ఉమ్మడి నిధి కూర్చుకొని, నీరు పంచేవారిని, పంట కాపలాదారులను నియమించుకొన్నారు. కాలువ మొదట ఉండి నీటికి కరువులేని ఊళ్ళలో ఇటువంటి ఏర్పాట్లు అరుదని ఆయన 1988లో వెలువరించిన పుస్తకంలో చూపించాడు. మన ఏజెన్సీల విషయంలో కూడా ఇదే పోలిక కనబడుతుందని నాకు తోస్తుంది. డ్రూపల్ చెడితే తమ కంచంలో కూడు పోతుందని తెలిసిన కంపెనీలే దానిని ఎక్కువగా మోశాయి. పది రకాల పనులు చేస్తూ అందులో ఒకటిగా డ్రూపల్‌ను పెట్టుకొన్నవారికి అంత ఆత్రం ఎందుకుంటుంది?

కాపలాదారుకు కూలి ఇవ్వాలి కదా. డ్రూపల్‌వారు కనిపెట్టిన కూలి డబ్బు రూపంలో లేదు, పేరు రూపంలో ఉన్నది. సవరణ రాసినవారి పేరును నమోదుచేసే ఆచారం మొదటినుంచీ ఉన్నదే. 2015లో దానికి మరొక గడి చేర్చారు: ఆ మనిషి ఎవరి జీతం తింటూ ఆ పని చేశాడు? ఈ విధంగా ప్రతి ఏజెన్సీకీ ఎన్ని సవరణలు దక్కాయో లెక్క తేలింది. ఆ లెక్కనుబట్టి డ్రూపల్ సొంత వెబ్‌సైటులోని ఏజెన్సీల జాబితాలో వరుస ఏర్పరిచారు. ఎక్కువ ఇచ్చినవారు పైన. గుత్తేదారుకోసం వెతికే ఖాతాదారు మొదట చూసేది జాబితా పైభాగాన్నే. ఇవ్వడం వల్ల అయ్యే ఖర్చు దాతకే లాభంగా తిరిగిరావడానికి ఇది తిన్నని దారి.

లెక్క పెట్టడం మొదలైతే లెక్కకోసమే పనిచేసేవారు బయలుదేరతారని ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. మార్కులు వచ్చే ప్రశ్నలు మాత్రమే చదివే విద్యార్థి ఏ తరగతిలో లేడు? వివరణ పత్రంలో ఒక అక్షరదోషం సవరించడం ఒక లెక్క. అటువంటివే ఇరవై మాడ్యూళ్ళలో సవరిస్తే ఇరవై లెక్కలు. ఒకరు ఉంచిన సవరణనే ఇంకొకరు పేరు మార్చి మళ్ళీ ఉంచడం, పరీక్షించకుండానే 'బాగున్నది' అని రాసిపోవడం వంటివి పెరిగాయి. ఇవి పైకి చిన్న దొంగతనాలే. కాని జీతం లేకుండా మాడ్యూలును కనిపెట్టుకొని ఉన్న నిర్వాహకుడు వీటిని ఏరి పారవేయడంలోనే తన సాయంకాలాలు ఖర్చుపెట్టవలసివచ్చింది. అందుచేత విస్తారంగా వాడే మాడ్యూలులో చేసిన సవరణకు ఎక్కువ విలువ, ఎవరూ వాడనిదానికి తక్కువ విలువ కట్టారు. అన్యాయంగా సంపాదించిన లెక్కలను కొట్టివేసే నిబంధనలు పెట్టారు. ప్రోగ్రాము రాయడమే కాక సభలు నడపడం, అనుభవాలను వ్యాసాలుగా ప్రకటించడం వంటి సేవలకు కూడా విలువ ఇచ్చారు. 2016 ఫిబ్రవరిలో బొంబాయి ఐ.ఐ.టి.లో డ్రూపల్ ఆసియా మహాసభ జరిగింది. కోడు వల్ల కాక ఇటువంటి సభల వల్లనే డ్రూపల్‌లో అడుగుపెట్టినవారు మన దేశంలో ఎందరో.

లెక్క పుస్తకం లేనిచోట ఏమి జరుగుతుందో చూడాలంటే వర్డ్‌ప్రెస్ చరిత్ర చూడాలి. డ్రూపల్ కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా, లోకంలోని వెబ్‌సైట్లలో నూటికి నలభైకి పైగా వాడుతున్న ప్రోగ్రాము అది. మిషెల్ వాల్‌డ్రిగి అనే అతడు రాసి వదిలివేసిన బి2 అనే ప్రోగ్రామును మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003లో ఎత్తుకొని దానిని వర్డ్‌ప్రెస్‌గా పెంచారు. దానిమీద జీవించే ప్రతి కంపెనీ తన శక్తిలో నూటికి ఐదు వంతులు ఉమ్మడి పనికి ఇవ్వాలని 2014లో ముల్లెన్‌వెగ్ కోరాడు. అది మనవి మాత్రమే. ఇచ్చినవారికి దక్కే ఫలం, ఇవ్వనివారికి కలిగే లోటు ఇంత అని ముందుగా ఏర్పాటు కాలేదు. 2024 సెప్టెంబరులో ఆయన డబ్ల్యు.పి. ఇంజన్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ తగినంత ఇవ్వడం లేదని బహిరంగ సభలో నిందించి, ఆ తరువాత ఆ కంపెనీకి ఉమ్మడి సర్వర్లనుంచి ప్రోగ్రాములు అందకుండా చేశాడు. ఆ కంపెనీ ఖాతాదారులైన అసంఖ్యాక సైట్లవారు ఏ పాపమూ ఎరుగకుండా మధ్యలో చిక్కుకొన్నారు. అక్టోబరులో ఆ కంపెనీ కోర్టుకు వెళ్ళింది. డిసెంబరు 10న కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానం పూర్వస్థితిని పునరుద్ధరించమని తాత్కాలిక ఉత్తరువు ఇచ్చింది. ఇవ్వనివారిని నిందించడం న్యాయమే కావచ్చు. కాని పంచాయతీ లేకుండా ఒక్కడే తూము మూసివేస్తే కింది పొలాలు ఎండుతాయి. ఆ వివాదం సాగుతున్న రోజులలోనే బౌటార్ట్ మళ్ళీ కలం పట్టి, తమ లెక్క పుస్తకం పద్ధతిని పరిశీలించమని వర్డ్‌ప్రెస్‌వారికి సూచించాడు.

ఆ లెక్క పుస్తకంలో ఇంకొక గడి ఉన్నది. దానిని గురించి సాధారణంగా ఎవరూ మాట్లాడరు. సవరణ సమర్పించేవాడు తన తీరిక వేళలో చేశానని చెప్పవచ్చు, తన ఏజెన్సీ తరఫున చేశానని చెప్పవచ్చు. లేదా పలానా ఖాతాదారు డబ్బిచ్చి చేయించాడని, ఆ ఖాతాదారు పేరు కూడా రాయవచ్చు. 2016లో బౌటార్ట్, మాథ్యూ టిఫ్ట్ ఈ లెక్కలను మొదటిసారి కూడి చూసినప్పుడు, డబ్బిచ్చిన ఖాతాదారుల వరుసలో మందుల కంపెనీ అయిన ఫైజర్ పేరు కనబడింది.